నంజుడు మరచినవారికి బీరు పాఠాలు

ఈ మధ్య ఆంగ్ల పత్రికల ఆదివారం అనుబంధాలలో ఒక కొత్త విద్య తలెత్తింది. ఏ బీరుకు ఏ వంటకం జోడీ అన్నది దాని సారాంశం. చూచివ్రాతలో సిద్ధహస్తులైన మన తెలుగు పత్రికలవారు దాన్ని వెంటనే అందిపుచ్చుకున్నారు. గోధుమ బీరుతో తెల్ల సాసేజీలు తినాలట. నల్లటి స్టౌటుతో ఆయిస్టర్లు తినాలట. పిల్స్‌నర్‌తో వేయించిన చేప తినాలట. ఇలా దేశదేశాల వంటకాలనూ వరుసగా గడులలో నింపుకుంటూ వచ్చి, పట్టిక అడుగున ఒక గడి కేటాయిస్తారు. అందులో 'ఇండియన్ కర్రీ' అని ఉంటుంది. దానికెదురుగా 'ఇండియా పేల్ ఏల్' అని ఉంటుంది. నూట నలభై కోట్ల మంది నాలుకలకు కలిపి ఒక గడి! ఆ గడిలో మా కుప్పం సంగటి లేదు, నెల్లూరు చేపల పులుసు లేదు, ఉత్తరాంధ్ర చోడి అంబలి లేదు. ఉన్నదల్లా లండన్ భోజనశాలలలో మరిగిన ఒకానొక ఎర్రటి గుజ్జు.

ఈ పట్టికను నెత్తికెత్తుకుని మనకు నాగరికత నేర్పుతున్న పెద్దలతో నాకు పేచీ ఉన్నది. ఆ పెద్దలకు ఎదురుగా నిలబడి 'తాగుడు మన సంస్కృతి కాదు' అని బల్లగుద్దే పెద్దలతో కూడా పేచీ ఉన్నది. పైకి బద్ధశత్రువులుగా కనబడే ఈ ఉభయులూ లోపల ఒకే మాట నమ్ముతారు. తినడానికీ తాగడానికీ మధ్య తెలుగువాడికి ఎన్నడూ ఏ సంబంధమూ లేదని వారి నమ్మకం. ఒకరు ఆ సంబంధాన్ని దిగుమతి చేసుకుందామంటారు. మరొకరు అది మనకు అక్కరలేదంటారు. ఇద్దరి మాటా అబద్ధమే. ఆ అబద్ధానికి మూల్యం చెల్లిస్తున్నది మాత్రం వారిద్దరూ కాదు.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. నేనిక్కడ తాగమని ఎవరినీ ప్రోత్సహించడం లేదు. మద్యానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. దానితో నాకు వాదం లేదు. తాగనివారు ధన్యులు. నా వాదమంతా తాగేవారిని గురించి, వారు తాగే తీరును గురించి, ఆ తీరును తయారుచేసినవారిని గురించి.

*

జోడింపు విద్య మనకు కొత్త అంటున్నవారు తమ భాషను తాము ఒక్కసారి తడిమి చూసుకోవాలి. 'నంజుకోవడం' అన్న క్రియ మనకున్నది. ఒక ప్రధానాహారానికి రుచి తోడుగా మరొకటి కొంచెం కొంచెం కొరుక్కోవడం, నాలుకకు రాసుకోవడం అని దాని అర్థం. అన్నంలో ఆవకాయ నంజుకుంటాం, అంబలిలో ఉల్లిపాయ నంజుకుంటాం, పెరుగన్నంలో మామిడిపండు నంజుకుంటాం. దాని నుంచి పుట్టిన 'నంజుడు' అన్న మాటకు నంజుకునే మాంసం అనే అర్థం స్థిరపడింది. అంటే ఒకదాని పక్కన మరొకటి ఎందుకుండాలో ఆలోచించి, ఆ పనికి ఒక ధాతువును కేటాయించిన జాతి మనది. అటువంటి జాతికి ఇప్పుడు మిగిలిన మాట 'మంచింగ్'. ఆ మాటలో ఆలోచన లేదు, దవడల చప్పుడు మాత్రమే ఉన్నది. మాట పోవడమంటే ఊరకే పోవడం కాదు. మాటతో పాటు మర్యాద కూడా పోయింది.

ఇక లోకంలోని ఆ ప్రసిద్ధమైన జోడీలు ఎలా పుట్టాయో చూద్దాం. వాటిని ఏ నిపుణుడూ పట్టిక గీసి పెళ్లి చేయలేదు. మ్యూనిక్‌లో తెల్ల సాసేజీని గోధుమ బీరుతో, తీపి ఆవపిండి ముద్దతో కలిపి పొద్దున పూటే తినే ఆచారం ఉన్నది. నిల్వ ఉండే మందులు వేయని, పొగ పట్టించని ఆ సాసేజీ మధ్యాహ్నం దాకా ఆగదు, అందుకని పొద్దున. చెక్ దేశంలో 1842లో ప్ల్జెన్ పట్టణంలో బంగారు రంగు పిల్స్‌నర్ పుట్టింది. దాని చేదు ఆ ఊరివారి పంది మాంసపు కొవ్వునూ, పిండి ఉండల బరువునూ నాలుక మీద నుంచి కడిగేస్తుంది కనుక ఆ రెండూ కలిశాయి. బెల్జియంవారు గొడ్డు మాంసాన్ని బీరులోనే ఉడికిస్తారు. ఇథియోపియాలో ఇంజెరా పక్కన, ఇంట్లో ఆడవారు కాచిన తెల్లా ఉంటుంది. దాని చేదు గెషో అనే ఆకుది. జపానువారు లేత సోయా కాయలను తొక్కతోనే ఉప్పునీళ్లలో ఉడికించి బీరుతో ఒలుచుకు తింటారు, దాని పేరు ఎడమామె. కొరియావారు వేయించిన కోడికీ బీరుకూ పెట్టిన ముద్దుపేరు చిమేక్. చికెన్‌లోని 'చి', బీరును వారు పిలిచే మేక్జులోని 'మేక్' కలిసి ఏర్పడిన మాట అది.

వీటిలో పాతవాటన్నింటిలోనూ ఒక సూత్రం కనబడుతుంది. ఏ పొలంలో పండినది పళ్లెంలోకి వచ్చిందో, ఆ పొలంలో పండినదే పాత్రలోకీ వచ్చింది. జోడీ కుదిర్చింది నేల. తినే చోటూ తాగే చోటూ ఒకటే, తినేవారూ తాగేవారూ ఒకరే, వండినవారూ కాచినవారూ చాలాచోట్ల ఒకే ఇల్లాలు. ఈ సూత్రం తెలియకుండా పట్టికలు మాత్రం కాపీ చేసుకునేవారిని ఏమనాలి? పక్కింటివారి పెళ్లి ఫొటో చూసి తన కాపురం చక్కబెట్టుకుందామనుకునేవాడిని ఏమంటామో అదే అనాలి.

*

పట్టికలోని ఆ ఒక్క గడి సంగతి కూడా తేల్చుకుందాం. ఇండియా పేల్ ఏల్‌కు మన పేరున్నది కానీ మన తిండితో సంబంధం లేదు. అది కంపెనీ దొరల కోసం ఇంగ్లండు నుంచి ఓడలలో వచ్చిన సరుకు. హాప్స్ పువ్వుల చేదు దండిగా దట్టించినది. ఇప్పుడు మన మిరపకాయ సంగతి చూడండి. మిరప మంట నిజానికి రుచి కాదు, నొప్పి. వేడి తగిలిందని మెదడుకు కబురు చేసే నాడులనే మిరపలోని కాప్సైసిన్ తట్టి లేపుతుంది. ఆల్కహాలు కూడా ఆ నాడులనే మరింత రెచ్చగొడుతుంది. బీరులోని నురగ వాయువు నాలుక మీద ఆమ్లంగా మారి సన్నగా పొడుస్తుంది. చేదు ఆ మంట మీద మరో పొర కప్పుతుంది. అంటే చేదైన, ఘాటైన, గ్యాసు నిండిన బీరును మిరపకాయ బజ్జీతో కలపడమంటే మంటలో కిరసనాయిలు పోయడమే. మంట ఆర్పుకుందామని మరో గుక్క, ఆ గుక్కతో మరింత మంట, దానికి మరో సీసా. అమ్మేవాడికి ఇంతకంటే లాభసాటి జోడీ ఉండదు. మన బార్లలోని తినుబండారాలన్నీ ఉప్పూ కారమూ మోతాదు మించి ఉండటం వెనుక ఏ పాకశాస్త్రమూ లేదు, ఉన్నది గల్లాపెట్టె శాస్త్రం.

ఈ ఇబ్బందిని బాగా గమనించిన వ్యక్తి ఒకరున్నారు, ఆయన పుట్టింది మన హైదరాబాదులోనే. కరణ్ బిలిమోరియా ఇంగ్లండులో చదువుకుంటున్న రోజులలో, అక్కడి లాగర్ బీరు గ్యాసుతో కడుపు ఉబ్బించి భారతీయ భోజనాన్ని తిననివ్వడం లేదని గ్రహించాడు. గ్యాసు తక్కువగా, మెత్తగా దిగే బీరును బెంగళూరులో కాయించి 1990లో బ్రిటన్‌కు దింపాడు. అదే కోబ్రా. ఆయన మొదట ఆలోచించింది సీసాను గురించి కాదు, సీసా పక్కనున్న పళ్లెం గురించి. ఆ బీరు రుచి ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, ఆ ఆలోచన క్రమం సరైనది. అది మన నంజుడు క్రమమే. విచిత్రమేమంటే ఆ ఆలోచన బ్రిటన్‌లోని భోజనశాలలకు పనికివచ్చింది కానీ, మా కుప్పంలో సంగటి తినేవాడి కోసం అలా ఆలోచించాలని ఎవరికీ తోచలేదు.

*

ఇప్పుడు మా ఊరి దగ్గరకు వస్తాను. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉన్న ఊరు. బస్సెక్కితే కాసేపటికి కర్ణాటక, మరో బస్సెక్కితే కాసేపటికి తమిళనాడు. భాషలు మూడైనా ముద్ద ఒకటే. తెలుగువాడు సంగటి అంటాడు, కన్నడిగుడు ముద్దె అంటాడు, తమిళుడు కళి అంటాడు. అందరి పళ్లెంలోనూ ఉండేది రాగే. పక్కన నాటుకోడి పులుసో, ఊరిబిండో, ఉలవచారో, చలికాలమైతే పితకపప్పో ఉంటుంది.

ఈ రాగి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తైన నేలలు. అక్కడ ఉగాండాలో తేసో జాతివారు ఇదే రాగిని మొలకెత్తించి, పులియబెట్టి 'అజోన్' అనే బీరు కాస్తారు. కుండ నడిమధ్యన పెట్టుకుని, చుట్టూ కూర్చుని, పొడుగాటి గొట్టాలతో అందరూ ఒకే కుండలోంచి పీలుస్తారు. నేపాల్ తూర్పు కొండలలో, సిక్కింలో లింబూలు ఇదే రాగిని ఉడికించి, పులియబెట్టి, వెదురు పాత్రలో వేసి, వేడినీళ్లు పోసుకుంటూ గొట్టంతో పీలుస్తారు. దాని పేరు తోంగ్బా. వారు 'కోదో' అనేది మన రాగినే, మన అరికలను కాదు. దానిలోకి ఎండబెట్టిన మాంసపు నంజుడు ఉంటుంది. చూడండి, నంజుడు! రాగిని తినే జాతులు లోకంలో చాలాచోట్ల రాగిని తాగుతున్నాయి కూడా.

మరి మనం? మనకు చేతకాకనా? రాగులను నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, విసరడం మా వైపు ప్రతి ఇంట్లోనూ తెలుసు. దానినే రాగి మాల్ట్ అంటారు. పసిపిల్లలకు తొలి ఆహారం అదే. బార్లీని బీరుకు సిద్ధం చేసేదీ ఈ పద్ధతిలోనే. ధాన్యం మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. రాగి మాల్టు గుణాల మీద మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఎంతో పరిశోధన చేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లలకు రాగి జావ పెట్టడం మొదలుపెట్టింది. ఐక్యరాజ్యసమితి ఆ సంవత్సరాన్నే అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఊరూరా సభలు జరిగాయి, శాలువాలు కప్పారు. ఆ సభలలో రాగితో దోసె వేయవచ్చన్నారు, బిస్కట్టు చేయవచ్చన్నారు, కేకు చేయవచ్చన్నారు. ఇదే ధాన్యంతో ఆఫ్రికా నుంచి హిమాలయాల దాకా జనం పలుచని బీరు కాచుకుంటున్నారన్న మాట ఆ వేదికల మీద వినాలని నేను ఎదురుచూశాను. నాకు వినబడలేదు.

ఫలితం ఏమిటి? మా వాడి పళ్లెంలో తన పొలంలోని రాగి ఉన్నది. గ్లాసులో ఎక్కడో రాజస్థాన్‌లో పండిన బార్లీ ఉన్నది. ఆ రెంటికీ పరిచయం లేదు. చలికాలంలో మా వైపు అనపకాయలను తొక్కతోనే ఉప్పు వేసి ఉడికించి ఒలుచుకు తింటాం. జపానువారి ఎడమామెకు ఇది అచ్చం తోబుట్టువు. బెంగళూరు భోజనశాలలలో ఎడమామెకు వందల రూపాయలు పోసి, ఎంత నాజూకైన జోడీయో అని మురిసిపోయేవారు, సంతలో గంపలో ఉన్న అనపకాయల వంక చూడరు. ఉడికించిన చెనక్కాయల సంగతీ అంతే. విదేశీ పేరుంటే 'పెయిరింగ్', మన పేరుంటే చిల్లర తిండి!

*

ఈ తెంపు దానంతటదే జరగలేదు. తెంపినవారున్నారు.

1886 మద్రాసు అబ్కారీ చట్టం కల్లును చెట్టుకింత పన్నుగానూ, సారాయిని దుకాణానికింత పాటగానూ మార్చింది. తెల్లదొరకు కల్లు ఆహారం కాదు, రాబడి పద్దు. తరువాత వచ్చిన మన దొరలు దానిని పాపం పద్దులో వేశారు. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. అంటే కుప్పం ప్రాంతం దేశంలోనే నిషేధాన్ని తొలినాళ్లలో చవిచూసిన నేల. కృష్ణగిరి అప్పటికి సేలం జిల్లాలోనిదే కనుక సరిహద్దుకు అటూ ఇటూ కూడా నిషేధమే. పోయిన రాబడిని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. నిషేధం యుద్ధకాలంలో సడలింది, 1948 నాటికి రాష్ట్రమంతటా మళ్లీ వచ్చింది. ఆ పన్ను మాత్రం మధ్యలో ఎక్కడా ఆగలేదు.

ఆంధ్ర రాష్ట్రంలో 1954లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఈ నిషేధం గొడవలోనే కూలిపోయింది. 1968లో ఎక్సైజు చట్టం వచ్చింది. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సారాయిని ప్యాకెట్లలో ఊరూరికీ పారించింది. దూబగుంట తల్లులు 1992లో తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి సారాయి ఆగింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో చంద్రబాబు దాన్ని ఎత్తేశారు. 2019లో దుకాణాలను ప్రభుత్వమే తీసుకుని, పర్మిట్ రూములు మూసి, దశలవారీ నిషేధమన్నది జగన్ ప్రభుత్వం. 2024 అక్టోబరులో దుకాణాలు తిరిగి ప్రైవేటువారి చేతికి వచ్చాయి.

ఇన్ని దశాబ్దాల ఈ చరిత్రలో ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: తెరవాలా, మూయాలా? ఎంత ఘాటుది అమ్మాలి, ఎక్కడ కూర్చుని తాగాలి, పక్కన ఏం తినాలి, ఎవరి మధ్య కూర్చోవాలి అని అడిగిన ప్రభుత్వం ఒక్కటీ నాకు కనబడదు. తెరిచినవారు కడుపు చూడలేదు, మూసినవారూ కడుపు చూడలేదు. ఒకరు ఖజానా చూశారు, మరొకరు ఓటు చూశారు.

పర్మిట్ రూములు మూసిన ఆ ఐదేళ్లలో మా వైపు జనం మానేశారా? కొందరు సరిహద్దు దాటి కొనుక్కొచ్చారు. కొందరు చెరువుకట్ట మీద, తోపులో, నిలబడి, భయపడుతూ, గబగబా మింగారు. ప్లాస్టిక్ గ్లాసు, వాటర్ ప్యాకెట్, నాలుకకు రాసుకోవడానికి ఒక ఊరగాయ ప్యాకెట్. నంజుడు ఎంతకు దిగజారిందో చూడండి! ఖాళీ కడుపులో పడిన మద్యం నెత్తురులోకి వేగంగా ఎక్కుతుంది. కడుపులో తిండి ఉంటే నెమ్మదిగా ఎక్కుతుంది. ఇది ఏ వైద్యుడిని అడిగినా చెప్పే మాట. తిండిని తీసేసి, కూర్చునే చోటు తీసేసి, సమయాన్ని తీసేసి, ఆ తరువాత వాడు తూలుతున్నాడని నిందించడం ఏ న్యాయం?

*

ఇప్పుడు ఒక చిన్న లెక్క చెబుతాను, దయచేసి విసుక్కోకండి. 2024 విధానంలో 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు. 180 మిల్లీలీటర్ల ఆ సీసాలో 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది, అంటే 77 మిల్లీలీటర్లు. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు సీసాలో 5 శాతం లెక్కన ఉండేది 32 మిల్లీలీటర్ల పైచిలుకు. చట్టం అనుమతించే 8 శాతం స్ట్రాంగ్ బీరులోనైనా 52 మిల్లీలీటర్లే. ఆ బీరు సీసా 99 రూపాయలకు రాదు. అంటే మన ధరల పట్టిక కూలివాడికి ఏమని ఉపదేశిస్తున్నది? 'నాయనా, పలుచనిది తాగకు, డబ్బు దండగ, ఘాటైనదే తాగు' అని! బీరు తాగదలచినవాడికి కూడా అదే ఉపదేశం, అందుకే ఈ దేశంలో అమ్ముడయ్యే బీరులో అధికభాగం స్ట్రాంగే. రుచి కోసం తాగేవాడిని శిక్షించి, మైకం కోసం తాగేవాడికి రాయితీ ఇచ్చే విధానమిది. ఇటువంటి చోట ఏ బీరుకు ఏ వంటకం అని పత్రికలలో వ్యాసాలు వ్రాయడం, మునిగిపోతున్న పడవలో కూర్చుని తెరచాప రంగు గురించి చర్చించడమే.

దూబగుంట తల్లుల పేరు చెప్పి నా నోరు మూయించాలని చూసేవారుంటారని నాకు తెలుసు. ఆ తల్లుల ముందు నేను తలవంచుతాను. కానీ వారు పోరాడింది దేనిమీద? రోజుకూలీని ఇంటికి చేరకముందే మింగేసే సారాయి ప్యాకెట్టు మీద. గడప ముందుకు వచ్చి కూర్చున్న కంట్రాక్టరు మీద. మొగుడిని ఇంటి తిండి నుంచి, ఇంటి మనుషుల నుంచి విడదీసిన వ్యాపారం మీద. నేనూ ఆ విడదీయడం మీదనే మాట్లాడుతున్నాను. ఇప్పుడు చెప్పండి, ఆ తల్లుల పోరాటఫలాన్ని 99 రూపాయల క్వార్టర్‌గా మార్చింది నాలాంటివాడా, లేక ఆ పోరాటం పేరు చెప్పుకుని అసెంబ్లీకి వెళ్లిన పార్టీలా?

మరొక అభ్యంతరం కల్తీ కల్లు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. అది తేలికగా దాటవేయగలిగిన విషయం కాదు. అయితే కారణం వెదకాలి. కల్లు పొద్దున దించితే సాయంత్రానికి పుల్లబడుతుంది, మర్నాటికి వెనిగరు దారి పడుతుంది. చెట్టు దగ్గర తాగవలసిన పదార్థమది. చెట్లు లేని నగరంలో అంతమంది గిరాకీకి చాలినంత కల్లు రాదు కనుక నీళ్లూ మత్తుమందులూ కలుస్తాయి. కల్లును చెట్టు నుంచి విడదీసినప్పుడు విషమయింది, తాగుడును తిండి నుంచి విడదీసినప్పుడు విషమయినట్లే. రోగం ఒకటే.

చెట్టునుంచీ తిండినుంచీ విడదీయనిచోట ఎలా ఉంటుందో చూడాలంటే కేరళ వెళ్లండి. అక్కడి కల్లు షాపు ముందుగా ఒక వంటిల్లు. కర్రపెండలం, ఎర్రటి చేపల కూర, బాతు మాంసం. తాగనివారు కూడా భోజనానికే వెళతారు. కల్లు పులుపూ తీపీ కలిసి చేపల కూర కారాన్ని చల్లారుస్తాయి. ఆ జోడీని ఏ విదేశీ నిపుణుడూ కుదర్చలేదు. మాకు పక్కనే ఉన్న తమిళనాడులోనేమో 1987 నుంచి కల్లు నేరం, కానీ ప్రభుత్వ సంస్థ దుకాణాలలో బ్రాందీ, విస్కీ, బీరు నిక్షేపంగా దొరుకుతాయి. చెట్టునుంచి దిగిన నాలుగైదు శాతం పులుపు నేరమూ, కర్మాగారంలో కాచిన 42.8 శాతం ఘాటు ధర్మమూ ఎలా అయ్యాయో వివరించగల ధర్మశాస్త్రవేత్త ఎవరైనా ఉంటే దయచేసి ముందుకు రావాలి.

*

విమర్శించి ఊరుకోవడం సులభం కనుక, ఏం కావాలో కూడా చెబుతాను.

మద్యం మీద పన్నును సీసా మీద కాక, అందులోని ఆల్కహాలు మోతాదు మీద వేయాలి. పలుచనిది చవకగానూ ఘాటైనది ప్రియంగానూ ఉండాలి. ఈ ఒక్క పని చేస్తే స్ట్రాంగ్ అన్న మాటకు ఉన్న ఆకర్షణలో సగం పోతుంది.

గీసేవాడికి తన చెట్ల దగ్గరే, వండిన తిండితో కలిపి కల్లు వడ్డించే హక్కు ఇవ్వాలి. మా వైపు ఈడిగల పేరులోనే ఈత చెట్టున్నది. వారి పిల్లలు బెంగళూరులో కాపలా ఉద్యోగాలకు పోతుంటే, చెట్లు గట్ల మీద గీసేవాడు లేక నిలబడి ఉన్నాయి.

రాగితో తక్కువ ఘాటు బీరు కాచుకోవడానికి గ్రామస్థాయిలో చిన్న అనుమతులు ఇవ్వాలి. మహిళా సంఘాలు అడిగితే వారికే మొదట ఇవ్వాలి. ఎవరికి పోయాలో, ఎవరికి ఇక చాలు అనాలో వారికంటే బాగా తెలిసినవారు లేరు. వద్దని వారు తీర్మానించిన ఊళ్లో ఎవరికీ ఇవ్వకూడదు. ఇథియోపియాలోనూ ఉగాండాలోనూ కాచేది ఆడవారే అన్న సంగతి మన సంస్కర్తలు గమనించాలి.

అమ్మే చోట తిండి తప్పనిసరి కావాలి. తిండి అంటే కారం చల్లిన ప్యాకెట్టు కాదు. సంగటి, పులుసు, ఉడికిన అనపకాయలు, చెనక్కాయలు. కూర్చోవడానికి బల్ల, వెలుతురు, చేతులు కడుక్కోవడానికి నీళ్లు. భార్య వచ్చి పిలిస్తే సిగ్గుపడకుండా లేచి వెళ్లగలిగే చోటు.

ఇవి జరిగేదాకా ఆ పట్టికల పండితులు తమ గడులను తమ దగ్గరే ఉంచుకుంటే మంచిది. వారికి నా మనవి ఒక్కటే. అయ్యలారా, ఊరిబిండి కారాన్ని వేరుశనగ నూనె ఎలా మెత్తబరుస్తుందో, ఆ మెత్తదనం పక్కన చేదు లేని, కాస్త తీపి గల, వేయించిన మాల్టు వాసన ఉన్న పలుచని పానీయం ఎలా ఉంటుందో మీ నాలుకతో మీరు ఊహించండి. నాటుకోడి పులుసులోని చింతపండుకు హాప్స్ చేదు పగ అని తెలుసుకోండి. అప్పుడు వ్రాయండి, నేనే మొదట చదువుతాను.

సంస్కృతీ రక్షకులకు కూడా ఒక మనవి. అమ్మవారికి సాక పోసిన జాతి మనది, ఆ సాకలో కల్లు ఉండేది. దానిని దాచిపెట్టి సాధించేదేమీ లేదు. దాచినది చెరువుకట్ట మీద, చీకటిలో, ఖాళీ కడుపుతో నిలబడి ఉన్నది. దానిని వెలుతురులోకి పిలిచి, కూర్చోబెట్టి, ముందు ఒక ముద్ద సంగటి పెట్టండి. ఆ తరువాత తాగాలో వద్దో, ఎంత తాగాలో వాడితో మాట్లాడవచ్చు. తిన్నవాడికి మాట వినే ఓపిక ఉంటుంది.